గీతకు అవతల మూడొందలు

జూలైల జీతం పెరిగింది.
జీడిమెట్లల పదకొండేండ్లు
గోలీల పట్టీలు చూసిన కండ్లకు
ఇరవై ఒక్క వెయ్యి మీద ఇంకో మూడొందలు.
మిఠాయి పంచిన. నస్రీన్ రెండు తిన్నది.

పగటీలి ఆఫీసు రూముకు పిలిచిండ్రు.
"సంధ్యక్కా, నువ్వు గీత దాటినవ్.
సెప్టెంబరు దాక ఈఎస్ఐ కోస్తం,
ఆ తర్వాత నీ తిప్పలు నువ్వు పడాలె."
పిలగాడు మంచోడే.
కంప్యూటర్ల నా పేరు పక్కన
పచ్చరంగు పోయి బూడిదరంగు వచ్చింది.

కోసినన్నాళ్లు ఆ కోతను తిట్టుకున్న.
నెలకు నూటయాభై చిల్లర,
రెండు రోజుల కూరగాయలు.
సనత్‌నగర్ లైన్ల కాళ్లు గుంజినప్పుడల్లా
దవాఖాన కాదిది, బస్టాండు అన్న.
ఆ బస్టాండ్లనే
అమ్మ షుగరుకు తొమ్మిదేండ్లు గడిచినయి.
భిక్షపతి కాలు మీద డీసీఎం డాలా పడ్డ రాత్రి
పన్నెండు కుట్లు వేసి
పైస అడగకుంట పంపిండ్రు.

రాత్రి బువ్వ తిన్నంక
కాయిదాలు చాప మీద పరిచిన.

"తెల్లకార్డు ఉంది గద," అన్నడు భిక్షపతి.
ఉంది. ఆరోగ్యశ్రీ ఉంది.
పెద్ద రోగమొస్తె పెద్దమ్మ లెక్క ఆదుకుంటది.
చిన్న రోగాలే గద మా ఇంట్ల అద్దెకుండేది!
నెలనెల గోలీలకు, రక్తపరీక్షకు
ఆ కార్డు బీరువల నుంచి కదలది.

కంపెనీ పాలసీల నేను, ఆయన, పిల్లలిద్దరు.
అమ్మ పేరు రాసే గడి లేదు.
కాయిదం తిప్పి చూసిన, వెనుక కూడ లేదు.

ఆదివారం కూకట్‌పల్లి నుంచి నరహరి వచ్చిండు,
నున్నటి అట్ట పుస్తకం పట్టుకొని.
అట్ట మీద తెల్లజుట్టు మొగుడుపెండ్లాలు
పార్కుల నవ్వుకుంట ఉరుకుతున్నరు.
మా గల్లీల ఆ వయసోళ్లు ఉరికేది బస్సు కోసమే.

"ఉన్న జబ్బుకు మూడేండ్లు ఆగాలమ్మా,
ఆ తర్వాత అన్నీ కవరైతయి."
ఆగాల్సింది ఎవరు? మేమా, షుగరా?
"నేను చెప్త తియ్ దానికి," అన్నది అమ్మ,
కాలి వేలు మీద మానని పుండుకు
పసుపు అద్దుకుంట.

నరహరి గొంతు తగ్గించిండు.
"షుగరు ఉందని రాయకుండ్రి.
ఎవలు చూడొస్తరు?"

నేను చూస్త, నరహరన్నా.
నా పనే అది.
పట్టీల పది గుంతలకు ఒక్కటి ఖాళీ ఉన్నా
బెల్టు ఆపి పక్కకు తీస్త.
పైన రేకు మెరుస్తనే ఉంటది,
వేలు పెట్టి ఒత్తితెనే తెలుస్తది లోపల ఏం లేదని.
ఎవల ఇంట్లనో అర్ధరాత్రి ఒత్తుతరు.

ఉంది, తొమ్మిదేండ్లు అని రాయించిన.
నరహరి ఫోన్ల ఏందో నొక్కి లెక్క చూపెట్టిండు.
ఏడాదికి ముప్పై ఎనిమిది వేలు.
చాయ్ పూర్తిగ తాగకుంటనే లేచిండు.

తెల్లారి ఆఫీసు రూముకు పోయిన.
"తమ్మీ, ఆ మూడొందలు నాకొద్దు."
నవ్విండు. నా మొఖం చూసి ఆపిండు.
"పెంచేటందుకే బటన్ ఉందక్కా."

సెప్టెంబరు ఆఖరి గురువారం
అమ్మ చీటి పట్టుకొని సనత్‌నగర్ల నిలబడ్డ.
నా ముంగట ఒక పోరి, బాలానగర్ల కొత్తగ చేరిందట,
చెప్పులు విడిచి ఒంటికాలు మీద మారుకుంట
"ఇదేం లైనక్కా, ఎప్పుడు కదుల్తది?" అన్నది.

జీతమెంత బిడ్డా, అని అడిగిన.
చెప్పింది.
మనసుల లెక్క కట్టిన.
ఇంకా చాన ఏండ్లు నిలబడొచ్చు ఆమె.