పదకొండు మార్కుల నక్షత్రం

డిసెంబరుల కాజీపేటకు
ఐదున్నరకే పొద్దు మునుగుతది.
రైల్వే క్వార్టర్ల కిటికీ సందుల నుంచి
గూడ్సుబండి చప్పుడూ సలీ
ఒక్కసారే లోపలికొస్తయి.

అమ్మ స్టౌ మీద మైదా ఉడికిస్తుంటే
అది తినేది కాదని తెలిసి కూడా
చిన్నోడు గిన్నె చుట్టే తిరిగేటోడు.
వెదురు బద్దలు చీల్చేది శౌరి తాత.
కండ్లద్దాలు ముక్కు మీదికి జారితే
వాటిని కాదు, మమ్ముల తిట్టేటోడు.

ఐదు కొనలు దారంతోని కట్టి
పతంగి కాగితం అతికిస్తే నక్షత్రం.
ఆ యేడు ఒక కొన పొట్టిగైంది,
ఇంకోదాంట్లకు చిన్నోడి మోచెయ్యి దిగింది.
కాగితం ఒడిసింది. దుకాణం మూసిండ్రు.
చేతికి దొరికిన దాంతోనే
అమ్మ చిల్లు మూసింది.

బల్బు ఏసినంక సూస్తే
వాకిట్ల, అందరి నెత్తి మీద,
ఎర్రసిరాతోని యాభైకి పదకొండు.
లెక్కల పేపరు.
కింద నా పేరు, జ్ఞానసుందరి.

డ్యూటీ దిగి వస్తున్న బాపు
గేటు కాడనే ఆగి చదివిండు.
చేతిల లాంతరు ఊగేటట్టు నవ్వి,
"గింత సాఫుగ రాసిపెట్టినంక
ముగ్గురు జ్ఞానులు దారి తప్పుతరా బిడ్డా!"

ఇప్పుడు స్టేషన్ రోడ్డు మీద
మడతపెట్టిన ప్లాస్టిక్ చుక్కలు అమ్ముతున్నరు.
నేనూ ఒకటి కొన్న. అన్ని కొనలూ సమానం.

రాత్రి ప్రార్థనల
అందరి పేర్లూ తలుసుకున్నంక
ఇంకా ఏదో మిగిలినట్టుంటే
గిన్నె అడుగున మాడిన మైదాకు,
చిన్నోడి మోచేతికి
వందనాలు చెప్పిన.