రెండు గంటల తర్వాతి రక్తం

మాత్ర మింగిన రెండు గంటలకు తీసిన రక్తం
కొత్తపేట సందులో మా మూడో అంతస్తుకి
ఐసు డబ్బాలో వస్తుంది.
లిఫ్టు లేదు.
ముందు మెట్ల మీద సుబానీ ఆయాసం వినబడుతుంది,
తర్వాత సుబానీ,
తర్వాత ఇరవై మూడు గొట్టాలు.

పదిహేడోది కట్టా యేసుపాదానిది. నలభై ఒక్కేళ్ళు.
‘పని’ అన్న గడిలో ఎవరో
‘టిక్కీలు’ అని రాసి వదిలేశారు.
గుంటూరులో ఆ మాటకి వివరణ అక్కర్లేదు.
నలభై కేజీల మిరప గోతం
మెడకీ వీపుకీ మధ్య ఎక్కడ ఆనాలో
అతని ఎముకలకి తెలిసే ఉంటుంది.

చీటీ అడుగున డాక్టరు గారి గీతలు:
ఐదో నెల. తెమడలో ఇంకా క్రిములున్నాయి.
తెల్ల మాత్ర నాలిక కింద దాచి
ఉమ్మేస్తున్నాడని అనుమానం.

‘ఎర్రగానే వస్తంది గదయ్యా,
యార్డులో కారమంతా ఒంట్లోకి దిగినట్టు’
అన్నాడట సుబానీతో, సీసా అందిస్తూ.
ఎర్ర మాత్రకి ఆ సీసా సాక్ష్యం చాలు.
తెల్లదానికి రంగు లేదు.
దాని తరఫున మాట్లాడాలంటే నేనే మాట్లాడాలి.

గిర్రున తిప్పితే రక్తం రెండవుతుంది,
అడుగున ఎరుపు, పైన ఎండుగడ్డి రంగు నీరు.
ఆ నీటిలో మందు పోస్తే
పాలు విరిగినట్టు విరిగి, పనికిరానిదంతా కిందికి దిగుతుంది.
అంతకు ముందే
నాకు బాగా తెలిసిన పదార్థం ఒకటి, కొలిచి, ప్రతి గొట్టంలో వేసి ఉంచుతాను.
కోటప్పకొండ తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లల్ని లెక్కపెట్టడానికి
మనింటి పిల్లాణ్ణి జనంలోకి వదిలినట్టు.
వాడెంత మిగిలి తిరిగొచ్చాడో చూసుకుని
మిగతా వాళ్ళ లెక్క కట్టుకోవాలి.

తర్వాత జానెడు స్టీలు గొట్టం,
లోపల ముఖానికి రాసుకునే పౌడరు కన్నా మెత్తటి పొడి.
అతుక్కునే గుణమున్నది ఆలస్యంగా వస్తుంది,
ఎవర్నీ పట్టించుకోనిది ముందే బయటపడుతుంది.
మధ్యలో కరెంటు పోకూడదు.
మే నెల. పోతుంది.
మళ్ళీ మొదటి నుంచి.

సాయంత్రం ఐదున్నరకి
నాలుగో నిమిషం దగ్గర, మందు రావలసిన చోట,
దోమకాటంత బొడిపె.
డాక్టరు గారన్నదే నిజమనుకుని
‘తక్కువ’ అని కొట్టబోయాను.

కానీ దానికి ముందు, మూడో నిమిషంలో,
కొండవీడు లేచి నిలబడి ఉంది.

అది మందు కాదు.
కాలేయంలోకి వెళ్ళిన మందు
చొక్కా మార్చుకుని బయటికొచ్చిన రూపు.
ఉమ్మేసినవాడి ఒంట్లో అది పుట్టదు.

మింగాడు.
మింగింది మింగినట్టే ఖర్చైపోతోంది.
కొందరి కాలేయం అంతే,
లారీ ఆగీ ఆగకముందే
టిక్కీలన్నీ దించి పారేసే ముఠా.

ఫోన్లో డాక్టరు గారు కాసేపు మాట్లాడలేదు.
‘మళ్ళీ చేశారా?’
రెండుసార్లు చేశానండీ.
‘సరే, మోతాదు చూద్దాం.’

రిపోర్టులో రెండు అంకెలు, ఒక నిష్పత్తి, నా సంతకం.
‘ఇతను అబద్ధం చెప్పలేదు’
అని రాయడానికి గడి లేదు.

సుబానీ ఖాళీ డబ్బా కడుక్కుని వెళ్ళిపోయాడు.
నేను పాత రిజిస్టరు తీశాను, ఎందుకో.
నిరుడు ఆగస్టు. షేక్ జాన్‌బీ, పత్తి మిల్లు.
అప్పటికి మూడో నిమిషాన్ని కొలవడం మాకు రాదు.
‘తక్కువ’ అని మాత్రం రాశాను, గుండ్రటి అక్షరాలతో.
పిల్లల మీద ఒట్టేసిందట ఆవిడ, వార్డులో అందరి ముందూ.

ఆ గొట్టం కోసం ఫ్రీజరంతా వెతికాను.
ఆర్నెల్లు దాటితే పారేస్తాం.
ఆ నియమం కాగితం మీద ఉన్నది కూడా
నా చేతిరాతే.