లేని కాలు

టార్టూలో జనవరి.
నాలుగు కాకముందే దీపాలు వెయ్యాలి.
మ్యూజియం మూడో అంతస్తులో
విర్వె తమ్సాలు
సిరాబుడ్డిని చంకలో పెట్టుకుని
కాసేపు కదలకుండా కూర్చుంటుంది,
గుడ్లు పొదిగే కోడిలా.
చలికి సిరా మొండికేస్తుందట.

బల్ల మీద, సూదికి గుచ్చిన పేడపురుగు.
చీటీ మీద 1931 మిగిలింది,
పట్టుకున్నవాడి పేరు మిగల్లేదు.
బొమ్మ కింద పేర్లు రాయడం నా పని.
బొమ్మ అయ్యేదాకా పని లేదు కనుక
చూస్తూ కూర్చుంటాను.

ముందు చుక్క.
చుక్క పక్కన చుక్క.
వీపు ఒంపు తిరిగేచోట చిక్కగా,
వెలుతురు జారేచోట ఒకటీ అరా,
మెరుపు దగ్గరికొచ్చేసరికి అసలేమీ లేకుండా.
"మెరుపుకి రంగు కొనక్కర్లేదు,
చెయ్యి ఆపితే చాలు."

ఈ పని తెలిసినవాళ్లు నల్లపూసలైపోయారు.
అయినా ఉత్తరాలు ఆగవు.
హెల్సింకి నుంచి ఒకరు, క్రాకో నుంచి ఒకరు,
మా పురుగును కూడా గీసి పెడతారా అని.

పక్కగదిలో రైమో దగ్గర
అరవై ఫొటోలు పేర్చి ఒకటిగా చేసే యంత్రం ఉంది.
అచ్చుగుద్దినట్టు దిగుతుంది పురుగు,
వీపు మీది దుమ్ముతో,
తొంభై ఏళ్ల సూది తుప్పుతో సహా.
కాఫీ తెచ్చిపెట్టి నవ్వుతాడు:
"ఇంకా ఎన్ని చుక్కలు?"
ఆమె కాఫీ తాగుతుంది.
ఒక్కసారి మాత్రం అంది,
"నీ బొమ్మలో ఉన్నది ఈ పురుగు.
నేను గీసేది దీని జాతిని."

మొన్న, మూడువారాల పని చివర
పాళీ నుంచి ఒక బొట్టు జారింది.
నేనే అబ్బా అన్నాను. ఆమె అనలేదు.
ఆరేదాకా ఆగి, బ్లేడు తీసి,
కాగితం పొర ఒక్కటే లేచేలా గీకి,
లేచిన నూగును గోటితో అణిచింది.
ఆ చోటు ఇప్పటికీ వేలికి తెలుస్తుంది.
కంటికి తెలీదు.

ఇక కాలు.
ఎడమవైపు వెనక కాలు ఎప్పుడో రాలిపోయింది.
రైమో ఫొటోలో అక్కడ ఖాళీ.
విర్వె కుడికాలిని కొలిచి, తిప్పి,
ఎడమవైపు తెగిన గీతలతో గీసింది.
అలా గీస్తే ఏమిటని అర్థం?
"ఉండే ఉంటుంది. నేను చూడలేదు."

కింద పేరు రాసి, తేదీ వేసి,
కోటు తొడుక్కుని వంతెన మీదికొచ్చాను.
గడ్డకట్టిన ఏటి మీద
మంచుకు బెజ్జాలు చేసి, గాలాలు వేసి,
ముసలాళ్లు పెట్టెల మీద కూర్చున్నారు.
ఒడ్డు దగ్గర చిక్కగా,
దూరంగా ఒకరూ అరా.
నడుమ ఎవరూ కూర్చోని చోట ఏరు మెరుస్తోంది.

అక్కడ మంచు పలచనట.