రబ్బరు బ్యాండు

మొగల్తూరు రోడ్డులో రొయ్యల షెడ్డు,
తెల్లారగట్ల మూడు.
ఐసు పగలగొట్టే చప్పుడుకి
ఇప్పుడు కొంగలు కూడా లేవవు, అలవాటైపోయి.

రాయగడ అవతల ఊళ్ళ నుంచి వచ్చిన
పంతొమ్మిది మంది ఆడపిల్లలు.
తల తుంచడం, నరం లాగడం, తోక వదిలెయ్యడం.
వేళ్ళు నానీ నానీ
అటుకుల్లా తెల్లబడతాయి.
వాళ్ళ మీద నేను మేస్త్రమ్మని.

కంట్రాక్టరు వాళ్ళ ఆధార్ కార్డులు దొంతర పెట్టి,
రబ్బరు బ్యాండు వేసి నాకిచ్చాడు.
"నీ దగ్గర ఉండనీ సువార్తమ్మా,
కార్డుంటే మనిషుంటది."
ఆయ్, అన్నాను.
గోదారి జిల్లాల్లో ఆలోచన కన్నా ముందు
అదే వస్తది నోట్లోకి.

బీరువాలో దుప్పట్ల కింద పెట్టి
తలుపు వెయ్యబోతే చెయ్యి ఆగింది.

కువైట్లో యజమానురాలిని మామా అనాలి.
మామా గదిలో, తువ్వాళ్ళ కింద,
సెంటు సీసాల వెనకాల నా పాస్‌పోర్టు.
దాచిన చోటు నాకు తెలుసు.
ఆ తువ్వాళ్ళు ఇస్త్రీ చేసి పేర్చేది నేనే గదా!
వారానికోసారి నా మొహం మీద
నేనే బట్టలు సర్దేదాన్ని.
తాళం కూడా లేదు దానికి.
తీసి ఎక్కడికి పోను?
అకామా వాళ్ళ చేతిలో,
గేటవతల ఎండ.

జీతం అడిగితే "బుక్రా" అనేది.
బుక్రా అంటే రేపు.
పద్నాలుగు నెలలు రేపే.

ఎంబసీలో కిటికీ అవతల కళ్ళజోడు సారు
కసురుకోలేదు, పాపం.
"ఎన్ని గంటలు చేశావు, ఎంతిచ్చారు,
ఎక్కడన్నా రాసుకున్నావా అమ్మా?"
చేతులు చూపించాను.
చేతులు కాయితం కాదన్నాడు.

ఆ కార్డులకి దుప్పట్ల కింద ఊపిరాడలేదని
నేననను.
ప్లాస్టిక్కుకి ఊపిరేమిటి.
ఉప్పుగాలికి రబ్బరు బ్యాండు పిగిలి
మూడో రోజు తెగింది, అంతే.
పంతొమ్మిది మొహాలు నా చీరల్లోకి జారాయి.

ఐసు పెట్టెల దగ్గర పంచాను,
పేర్లు నోరు తిరక్క తడబడుతూ:
మినొతి. జెమా. సుకుమొతి.
సొంబారి కార్డు తీసుకుని నా వైపు చూడలేదు,
అందులో తన బొమ్మనే చూసి
జాకెట్లో దోపుకుంది.
దండం పెట్టలేదు.
ఎందుకు పెట్టాలి, నాదేమన్నా ఇచ్చానా?

తర్వాత అడిగింది: "పైసా... కాలి?"
వాళ్ళ భాషలో కాలి అంటే రేపంట.
నిన్నన్నా అదేనంట.
మన చెవికి మటుకు మాడు వాసన వేస్తది.
నిన్నటి కూలీ రేపు. రేపటిది మళ్ళీ నిన్న.
ఇప్పటికి అయిదు వారాలు.

డబ్బు నా చేతిలో లేదు.
కంట్రాక్టరు వచ్చాక
ఈ మేస్త్రీతనం ఉంటదో లేదో, అదీ తెలీదు.
మా చెల్లి కూతురి రూళ్ళ పుస్తకం తెచ్చాను.
తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని రాశాను:

సొంబారి.
మూడు నుంచి మధ్యాహ్నం పన్నెండు.
నలభై ఒక్క కిలోలు.
ముట్టింది సున్నా.
చూసిన మనిషి బేతిన సువార్త.

సంతకం పెట్టి, వేలిముద్ర కూడా వేశాను,
సిరా లేక రొయ్య మురికితోనే.
ఎందుకన్నా మంచిది.

"తర్వాత ఎవరే?" అన్నాను.