మంచుముద్ద పద్దు

అబర్డీన్‌లో మూడున్నరకే పొద్దుగూకింది.
యూనివర్సిటీ నేలమాళిగలో ఎల్స్‌పెత్
పద్దెనిమిది వందల తొంభై ఒకటి నాటి
జరిమానాల పద్దు విప్పింది.

"ఫార్కర్ మన్రో, వైద్యం, రెండో ఏడు.
గ్రీకు పంతులుగారి టోపీ మీద మంచుముద్ద.
రెండు షిల్లింగులు."

పక్క పెట్టెలో క్రిస్మస్ విందు జాబితా,
బాతు కొవ్వు మరక గుండా
దీపం వెలుతురు కనిపిస్తోంది.
నలిగిన స్కేటింగ్ టికెట్టు.
ఎవరికీ పంపని గ్రీటింగు కార్డు మీద
రాబిన్ పిట్ట, రొమ్ము ఎరుపు తగ్గలేదు.
అన్నిటికీ పెన్సిల్‌తో నంబర్లు వేసింది.

మళ్ళీ పద్దు దగ్గరికే వచ్చింది.
అంచున, వేరే సిరాతో, వణికే అక్షరాల్లో
పంతులుగారి రాత:
"రొక్కం నేనే కట్టాను.
గురి బాగుంది."

తాళం వేసి బయటికొస్తే
మెట్ల మీద తాజా మంచు.
అటూ ఇటూ చూసి
చేతితొడుగు తీసింది.