మొప్ప ఎత్తి

మల్కాపురంలో మేడ మీది గది.
కిటికీలో షిప్‌యార్డు క్రేన్లు, వాటి ఎర్ర దీపాలు.
సెల్లు అడుగుతోంది:
మీరెవరో ఒక్క లైన్లో చెప్పండి.
రెండొందల ఇరవై అక్షరాల జాగా ఇచ్చింది,
నాకు ఓనమాలే గుర్తు రావడం లేదు.

పక్క మంచం మీంచి హైమ అందిస్తోంది:
"డైనమిక్ అని రాయవే. ప్యాషనేట్. లీడర్ కూడా పెట్టు."
ఎవరికే లీడర్ని?
పదకొండేళ్లు ఓడల పొట్ట కింద పాకాను.
ఇనుప రేకుకి జెల్లు పూసి
డాక్టరమ్మ కడుపు చూసినట్టు
అతుకు అతుకూ చూశాను.
అది రాస్తే నవ్వుతారంది.

రాసి చెరిపి, రాసి చెరిపి
తెల్లారిపోయింది.

పాలకని దిగాను.
సందు మొగలో ఎల్లాజమ్మ తట్ట దించింది.
"కోనాం!"
అంతే. ఒక్క మాట.
బేరమాడే ఆవిడ ముక్కు విరిస్తే
బొటనవేలితో మొప్ప ఎత్తి చూపించింది,
ఎర్రగా.
"సూసుకోయే తల్లీ, నాను సెప్పీదేటి?"

పాల ప్యాకెట్టు చేతిలో ఉండగానే, మెట్ల మీద,
దొరికింది:
రంగు కింద పగులుంటే చెబుతాను.

హైమ చదివి కాసేపు మాట్లాడలేదు.
"పోయినసారి చెప్పినందుకేగా
గేటు పాసు లాక్కున్నారు?"

అవును.
ఆ పాసు మీది ఫొటోనే ఇక్కడా పెట్టాను.

సాయంత్రం సెల్లు కుయ్‌మంది:
మీ ప్రొఫైలు ఒకరు చూశారు.
పక్క మంచం మీద హైమ
తన సెల్లు గబుక్కున దిండు కిందికి తోసింది.