ముప్పై అయిదు

ఒరూరోలో కార్నివాల్ శనివారం, తెల్లవారుజాము నాలుగున్నర.
మంచం మీద దుప్పటి పరిచి
ఉన్నదంతా బయట పెట్టాను,
పెళ్లికి వెళ్లే ముందు నగలు ముందేసుకున్నట్టు.

రెండు కెమెరాలు. ఒకదాని షట్టర్ అప్పుడప్పుడు మొరాయిస్తుంది.
పొడుగు లెన్సు, డెబ్బై నుంచి రెండు వందలు,
రెండేళ్లు వాయిదాలు కట్టి కొన్నది,
సాయంత్రానికి భుజంలో సొంత నొప్పి పెట్టుకుని ఉండిపోతుంది.
ఇంకోటి ముప్పై అయిదు. సెకండ్‌హ్యాండు.
ముందు గాజు మీద సన్నని గీత.
అమ్మిన ఎలెయుతేరియో ఆ గీతను వేలితో కప్పి చూపించాడు.
నేనూ చూడనట్టే డబ్బిచ్చాను.

ఫ్లాష్ వద్దు. వెలిగిస్తే
దయ్యాల వేషాల అద్దాల కళ్లన్నీ ఒక్కసారిగా తెల్లబోతాయి.
బ్యాటరీలు మూడు, లోపలి జేబులో, ఒంటికి ఆనించి.
ఇంత ఎత్తులో చలి
మనిషి కంటే ముందు బ్యాటరీని చంపుతుంది.
రొట్టెలు తెచ్చిన ప్లాస్టిక్ సంచి, రెండు రబ్బరు బ్యాండ్లు:
నురుగు డబ్బాలు పట్టుకున్న పిల్లలు గురి చూసేది
నా టోపీని కాదు.

ఇక లెన్సు.

రెండేళ్ల కిందట పొడుగుదానితో
నోటరీ గారి మేడ మీద నిలబడ్డాను.
వీధంతా కింద, నా అరచేతిలో గీతలాగా.
అక్కణ్నుంచి దొరికాడు సెనోబియో.
మొరెనాదా ఆడేవాడు, ఒంటి మీద పీపాలాంటి జరీ అంగీ,
ముసుగు నుదుటి మీదికి నెట్టి
గోడ వైపు తిరిగి ఏడుస్తున్నాడు.
అరవై అడుగుల దూరం. పక్కవాటు వెలుతురు.
ఏది చెమటో ఏది కన్నీరో
విడదీసి చెప్పొచ్చు.

ఆ ఫోటోకి బహుమతి వచ్చింది.
బ్యాంకు హాల్లో గోడంత చేసి పెట్టారు.
వెల్డింగ్ షాపు నుంచి నేరుగా వచ్చాడతను,
చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు.
చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను.
"మీరెక్కడున్నారప్పుడు?" అన్నాడు.
"చుట్టూ చూసుకునే ఏడ్చాను నేను."

దూరపు కొండలు నునుపంటారు.
అబద్ధం. ఆ లెన్సులో ప్రతి గరుకూ కనిపించింది.
కనిపించనిదల్లా నేనే.

అలాగని ముప్పై అయిదేం పుణ్యాత్మురాలు కాదు.
దానితో ముఖం కావాలంటే మూడడుగుల్లోకి పోవాలి.
ట్యూబా నోరు మీదికొస్తుంది. కాళ్లు తొక్కుతారు.
అడగాలి, కనీసం కళ్లతోనైనా,
వద్దంటే తల దించుకుని పక్కకి జరగాలి.
పోయినేడు అదొక్కటే తీసుకెళ్లాను.
ఆరొందల ఫోటోలు. సగం ఎవరివో మోచేతులు.
నాలుగు మిగిలాయి.
ఒకదానిలో వేడి వేడి ఆపి అమ్మే ఆవిడ చెయ్యి చాపింది,
నన్ను తోసేయడానికో, గ్లాసు ఇవ్వడానికో
ఫోటో చెప్పదు.
గ్లాసు ఇవ్వడానికే. రెండో గ్లాసు డబ్బులు ఇంకా బాకీ.

రాత్రి పత్రిక నుంచి రెంబెర్తో ఫోను:
"దగ్గరి ముఖాలు కావాలి, బిగువుగా. పొడుగుది మర్చిపోకు."
ముఖానికి ఇంత అని కడతాడు. ఇంటద్దె అందులోనే.

సెనోబియోది మూడేళ్ల మొక్కు. ఈ ఏడు ఆఖరు.
గుడి గుమ్మంలో మోకాళ్ల మీద ముసుగు తీస్తాడు.
ఏడవొచ్చు. ఏడవకపోవచ్చు.
నేను మూడడుగుల్లో ఉంటే
నన్ను చూస్తాడు.
చూశాక ఏడుస్తాడా అన్నది
ఏ లెన్సు పెట్టె మీదా రాసి ఉండదు.

పొడుగుదాన్ని దుప్పట్లో చుట్టి మంచం కిందికి తోశాను.
మెట్లు దిగాక తాళంచెవి మరిచానని
మళ్లీ ఎక్కాను.
తాళంచెవి కోసమే.
దుప్పటి మూట వైపు కాసేపు చూసిన మాట నిజం.

కింద చీకట్లో ఎవరో కుర్రాడు,
చలికి పలకని ట్రంపెట్‌ను
కోటు లోపల దాచుకుని
వేడెక్కిస్తున్నాడు.